మోరీ గోడ మీద దీపాలు

మేము ఏ గుడికీ పోలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నేరుగా అడిగినవాళ్లకు కూడా.

ఆ కార్తీకంలో ప్రతి సోమవారం, ఇంకా పూర్తిగా తెల్లారకముందే నేనూ మా వదినా రెండు సైకిళ్ల మీద హిందూపురం దాటి పెనుకొండ రోడ్డు పట్టేవాళ్లం. వదిన సైకిలు క్యారియరుకు కట్టిన సంచిలో ప్రమిదలు, ఒత్తులు, నూనె సీసా ఉండేవి. దీపాలు పెట్టడానికి పోతున్నామని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. మేము ఊరికే తొక్కుకుంటూ పోయేవాళ్లం. అలసినచోట ఆగి, కాసేపు కూర్చుని, వెనక్కి తిరిగేవాళ్లం. దీపాలు వెలిగించిన మాట మాత్రం నిజం. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. వాటిని కాచుకోవడానికి వంక మీద రోడ్డుకు చిన్న వంతెనలా కట్టిన ఒక మోరీ గోడ మీద వెలిగించేవాళ్లం.

అంతే అని రాయబోయాను. అంతేనా అన్నది నాకే తెలియదు. డైరీలో ఆ సోమవారాల కింద "పోయి వచ్చాం, బాగుండింది" అని తప్ప ఇంకేమీ లేదు. బాగుండిందన్నది ఒక్కటే అప్పుడు నాకు ఖచ్చితంగా తెలిసిన సంగతి అయ్యుంటుంది.

తొంభైల చివర, నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నప్పటి మాట ఇది. మా నాయన ముడి పట్టు నూలు వ్యాపారం చేసేవాడు. హిందూపురంలో కొని, ధర్మవరం మగ్గాలవాళ్లకు వేసి వచ్చేవాడు. మా తాత ఉన్నంతవరకు మాదీ నేసే ఇల్లే. తాత పోయాక నాయన మగ్గం తీసేసి, నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంట పూడ్పించి, పైన నాపరాళ్లు పరిపించాడు. ఆ రాళ్ల మీదే మా టీవీ బల్ల ఉండేది. మనం నూలు అమ్మేవాళ్లం, నేసేవాళ్లం కాదు అని ఎవరూ పైకి అనేవాళ్లు కాదు గాని, ఇంటికి వచ్చినవాళ్లకు నాయన ఆ నాపరాళ్లు చూపించే తీరులో ఆ మాట వినబడేది.

ధర్మవరంలో తాను నూలు వేసే ఒక ఇంటి అమ్మాయినే మా అన్నకు చేసుకున్నాడు. అన్న బెంగళూరులో ఏదో కంపెనీలో పని చేసేవాడు. శనివారం రాత్రి ప్యాసింజరుకు వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవాడు. వదిన చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. మా ఇంటికి వచ్చాక ఆమెకు ఎవరూ పెద్దగా పని చెప్పలేదు. వంట అమ్మ చేసేది, బయటి పనికి మనిషి వచ్చేది. మా కోడలు నీడపట్టున కూర్చుంటుంది అని నాయన వియ్యంకుడితో చెప్పుకున్నాడట. ఆయన కూడా సంతోషించాడట.

వదిన కూర్చునేది. ఆమె కాళ్లు మాత్రం కూర్చునేవి కావు. మంచం మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నా, టీవీ చూస్తున్నా, కిందికి వేలాడే పాదాలు ఒకటి తర్వాత ఒకటి నేలను నొక్కుతూ ఉండేవి. మా అవ్వకు అది చూస్తే చిరాకు. కాళ్లు ఊపితే ఇంటికి మంచిది కాదని రోజూ చెప్పేది. వదిన ఆపేది. కాసేపటికి పాదాలు మళ్లీ మొదలుపెట్టేవి. అది కాళ్లు ఊపడం కాదని, గుంటలో తొక్కుడు కర్రలు తొక్కినట్టని నాకు చాలా రోజుల తర్వాత తోచింది. ఆమె తెలిసి చేసేదో తెలియక చేసేదో.

నాకు మాట్లాడటం తక్కువ. ఎవరైనా ఇంటికి వస్తే గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం పరుపు కింద దోపి వంటింట్లోకి పోయేదాన్ని. ఆ పుస్తకాల గురించి మా ఇంట్లో నన్ను ఏమైనా అడిగింది వదిన ఒక్కతే. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, నేను చదువుతున్న దానివైపు చూసి, "దాంట్లో వాళ్లు యాడికన్నా పోతారా పాపా, ఇంట్లోనే ఉంటారా?" అంది. ఇంట్లోనే ఉంటారన్నాను. "ఐతే వొద్దులే," అని లేచిపోయింది.

సైకిలు సంగతి కూడా ఆమెతోనే మొదలైంది. కాలేజీకి పోవడానికి నాకు లేడీస్ సైకిలు ఉండేది. ఆమె ఒకరోజు దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూసి, సీటు ఇంత కిందికి ఎందుకు పెట్టుకున్నావని అడిగింది. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలి కదా అన్నాను. రోడ్డు మీద ఆగడమంటే నాకు భయం, పడిపోతే నలుగురూ చూస్తారని. వదిన నవ్వి, నాయన పెట్టెలోంచి స్పానరు తెచ్చి సీటు పైకి లేపి బిగించింది. ధర్మవరంలో ఆమె రంగులద్దకం ఇళ్లనుంచి నూలు తన సైకిలు మీదే తెచ్చుకునేదట.

"ఆగేదానికా పాపా సైకిలు? తొక్కేదానికి. కాలు నిండా సాగల్ల, అప్పుడుంటాది సుఖం."

ఆ ఎత్తున నా కాలివేళ్లు పెడళ్లకు అందలేదు. ఆమె నాకంటే బాగా పొడుగు. అందుకని నా సైకిలు ఆమెకు పోయింది, వెనక రేకుల కింద పడి ఉన్న అన్న పాత సైకిలు నాకు వచ్చింది. దాని సీటు మాత్రం కిందికి దించుకున్నాను. చుడీదార్ వేసుకుని బారు మీదుగా కాలు వేయడం నేర్చుకోవడానికి వారం పట్టింది.

పెళ్లయిన కోడలు, పెళ్లికాని పిల్ల తెల్లవారుజామున సైకిళ్లేసుకుని బయటికి పోతామంటే ఏ ఇంట్లోనైనా ఏమంటారో తెలిసిందే. కార్తీకం ఒక్కటే ఆ గడియలో ఆడవాళ్లు బయటికి పోతే ఎవరూ ఏమీ అనని నెల. ఆ ఆలోచన నాది కాదు. వదిన అమ్మ దగ్గరికి పోయి, సోమవారాలు దీపం పెట్టొస్తాం అత్తా అంది. ఈ వీధి చివర గుడి ఉండగా సైకిలెందుకని అమ్మ అడిగింది. దూరంగా ఉన్న గుళ్లకు పోతామంది. ఏ గుడికి అని అవ్వ అడిగితే, ఆ పొద్దుకు ఏది వస్తే అది అంది. మా ఇంటికి వచ్చాక వదిన నోరు తెరిచి ఒకటి కావాలనడం అదే మొదటిసారి. అవ్వ సంబరపడి ప్రమిదలు తానే కడిగి ఇచ్చింది.

మొదటి సోమవారం మాకు ఎదురైన మొదటి మనిషి పాలాయన. రెండు వైపులా క్యాన్లు వేలాడేసుకుని ఊళ్లోకి వస్తున్నవాడు మమ్మల్ని చూసి కాలు ఆనించి ఆగాడు. ఎవరికైనా బాగలేదా అని అడిగాడు. అందరూ బాగున్నారని వదిన చెప్పింది. మరి యాడికమ్మా అన్నాడు. ఊరికే అంది. "ఊరికే ఎవురన్నా పోతారా ఇంత చలిలో?" అని ఆయన మా వెనక చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఊరు దాటాక ఆ సిగ్గు ఎక్కడో రాలిపోయింది.

ఆ కాలంలో మా వైపు చేలు ఎట్లా ఉంటాయో సైకిలు మీద పోతేనే తెలుస్తుంది. వేరుశనగ పీకేసి ఉంటారు. ఎర్రమట్టి తడితడిగా తిరగబడి ఉంటుంది. కాయలు కోసిన వేరుశనగ కట్టె వాములు పొగమంచులో గుడిసెల్లా కనబడతాయి, దగ్గరికి పోతే పచ్చి వాసన కొడుతుంది. కంది చేలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. ఆ పూలను మంచు కిందికి వంచేస్తుంది. పల్లంలోకి దిగినప్పుడు చలి ఒక్కసారిగా మోకాళ్లకు తగులుతుంది. మెట్ట ఎక్కేటప్పుడు అదే ఒళ్లు వెచ్చబడి చెవులు మండుతాయి. నోట్లోంచి పొగ వస్తుంది. చింతచెట్ల కింద పోతుంటే ఆకుల మీద పట్టిన మంచునీళ్లు మెడ మీదికి రాలుతాయి. బ్రేకు పట్టుకున్న వేళ్లకు స్పర్శ ఉండదు. వదిన ముందు, నేను వెనక. ఆమె చీర కుచ్చిళ్లు చుట్టి నడుములో దోపుకుని, కాళ్లు రెండూ నిండా సాగదీసి తొక్కేది. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఆమె తొక్కుడు తగ్గేది కాదు. ఒకే వరస. నేను ఆయాసపడుతూ ఆ వరసను చూసుకుంటూ పోయేదాన్ని. అంత సంతోషం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఎందుకు సంతోషమని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

మోరీ దగ్గర ఆగాం. వదిన చేతులు చంకల్లో పెట్టుకుని గంతులు వేసింది. ఇంటికి పోతే వాడని ప్రమిదలు చూస్తారు కదా అని నాకు దిగులు. ఆమె గోడ మీద మూడు ప్రమిదలు పెట్టి, నూనె పోసి, గాలికి కొంగు అడ్డం పెట్టి వెలిగించింది. ఇద్దరం వాటిమీద అరచేతులు పెట్టుకుని నిలబడ్డాం. వచ్చేటప్పుడు ఒక టీ అంగట్లో ఉడకబెట్టిన చెనక్కాయలు కొనుక్కుని తిన్నాం. ఆ రోజు మా ఇద్దరికీ ఉపవాసమని ఇంట్లో అనుకుంటున్నారు.

రెండో సోమవారం ఆ మోరీ దాటి ఇంకా ముందుకు పోయాం. ఆ తర్వాతి వారం ఇంకొంచెం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ గోడ దగ్గరే ఆగి దీపాలు వెలిగించేవాళ్లం, అలవాటుగా.

ఈలోగా మా వీధిలో మేము మొక్కు పట్టామన్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎదురింటి అక్క నీళ్లకు వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి ఆ మొక్కు పద్ధతులన్నీ నాకే చెప్పింది. వారం వారం ఒక ఊరు ఎక్కువ పోవాలట. పోయేటప్పుడు మాట్లాడుకోకూడదట. కాలు నేలకు ఆనకుండా పోతే ఇంకా మంచిదట. సైకిలు అద్దెదైతే ఫలం రాదట. తన చెల్లెలికి కూడా చెప్పానంది. నేను ఊఁ కొట్టాను. కాదని చెబితే మరి ఎందుకు పోతున్నారని అడుగుతుంది. 

దేనికోసం మొక్కు అన్నదాంట్లో మాత్రం వీధిలో ఒక మాట లేదు. అన్నకు హిందూపురంలోనే ఉద్యోగం దొరకాలని అని ఎదురింటి అక్క. బిడ్డ కోసమని అమ్మ, అవ్వతో గుసగుసగా. అవ్వ ఒక్కతి వేరే మాట అంది. ఒకరోజు నా జడ వేస్తూ, "ఈ ఇంట్లో కుదురుగా ఉండేదానికి మొక్కుకునింటాది పాపం, ఆ కాళ్లు సూస్తాండావు గదా," అంది.

అప్పటికి నాకు ఆ భయం లేదు. అవ్వ ఆ మాట అన్నాక మొదలైంది. వదిన మా ఇంట్లో ఉంటుందా, ఉండదా? ఆ తర్వాత సైకిలు తొక్కిన ప్రతి పొద్దూ అదే నా తలలో తిరిగేది, తొక్కుతున్నప్పటి సంతోషంతో పాటే.

మూడో సోమవారం దారిలో ఎదురింటి అక్క చెప్పిన పద్ధతులన్నీ వదినకు చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేక సైకిలు రోడ్డు దిగి కంపలోకి పోయింది. "నేనేమి కోరుకున్నానంట?" అని అడిగింది. ఉద్యోగం, బిడ్డ రెండూ చెప్పాను. అవ్వ అన్నది చెప్పలేదు. తిరుగు దారిలో మోరీ దగ్గరికి వచ్చేసరికి గోడకు ఎవరో పసుపు పూసి ఉన్నారు. మూడు కుంకుమ బొట్లు. మావి కాని ప్రమిదలు రెండు ఉన్నాయి, ఒకదాంట్లో ఒత్తి ఇంకా మసిగా పొగలు కక్కుతోంది. నాకు నవ్వు వచ్చింది. వదిన వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. చాలాసేపు అట్లాగే ఉంది. మేం చేతులు కాచుకున్న గోడ అది. దాన్ని ఆమె ఏమని అడిగింది? లేక ఎవరో పూసిన పసుపుకు మర్యాద ఇచ్చిందా? ఏం కోరుకున్నావు వదినా అని అడిగాను. చలిగా ఉంది పోదాం పా అంది.

ఆ వారంలోనే ఇంట్లో మగ్గం మాట వచ్చింది. అమ్మ వంటింట్లోంచి నాయనకు చెబుతుంటే నేను విన్నాను. కోడలు అడుగుతోంది, వెనక రేకుల కింద ఒక మగ్గం వేయించుకుంటుందట, ఊరికే కూర్చోలేకపోతోందట అని.  నాయన, "మన ఇంట్లో ఆ యమ్మికి ఏం తక్కువైంది?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆదివారం అన్నతో కూడా మాట్లాడింది వదిన. నాయన పూడ్చిన గుంటను నేను మళ్లీ తవ్వమంటానా అన్నాడట అన్న. ఆయనా మెల్లగానే అన్నాడట. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మా ఇంట్లో అందరూ మంచివాళ్లే అనిపిస్తుంది నాకు, ఇప్పుడు కూడా.

ఆ మరుసటి రోజు నుంచి వదిన కాళ్లు ఊపడం మానేసింది. మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ నేల మీద ఊరికే పడి ఉండేవి. మొక్కు పనిచేసింది చూడు, పిల్ల కుదురుకుంది అని అవ్వ మురిసిపోయింది. నాకూ అట్లాగే అనుకోవాలనిపించింది. కానీ ఆ పాదాలను చూస్తే ఎందుకో చదువుతున్న పేజీ మీద చూపు నిలిచేది కాదు.

ఆ మధ్యలోనే ఇంకొకటి గమనించాను. మేము ఎప్పుడూ పెనుకొండ రోడ్డే పోతున్నాం. ఒకసారి, ఈ వారం చిలమత్తూరు వైపు పోదామా, అటు రోడ్డు బాగుంటుంది అన్నాను. ఆ పక్క నాకు తెలియదు పాపా అంది. ఈ పక్క మాత్రం ఆమెకు ఏం తెలుసు? పెళ్లయి బస్సులో వచ్చిన దారి, అంతే కదా అనుకున్నాను.  పెనుకొండ దాటి పోతే ధర్మవరం. వారం వారం కొంచెం కొంచెం ముందుకు పోతున్నాం. ఆమె ముందు, నేను వెనక. నేను ఊరికే తొక్కుతున్నాను. ఆమె కూడా ఊరికే తొక్కుతోందా?

చివరి సోమవారం పెనుకొండ దాకా పోయి మొక్కు ముగించి వస్తామని వదిన ఇంట్లో చెప్పింది. అంత దూరమా అన్నాడు నాయన. వచ్చేటప్పుడు సైకిళ్లు బస్సు మీద వేసుకుని రండి అని అవ్వే దారి చెప్పింది. కొట్టమని ఒక టెంకాయ కూడా ఇచ్చింది. ఆ పొద్దు సంచి ఎప్పటికంటే లావుగా ఉంది. టెంకాయ వల్ల అనుకున్నాను.

నా జీవితంలో అంత బాగా సైకిలు తొక్కిన రోజు లేదు. మోరీ దగ్గర ఆ రోజు ఆగలేదు. ఆగుదామా అని వెనక నుంచి అరిచాను, వచ్చేటప్పుడు ఆగుదువులే అంది. ఆగుదువులే అందో, ఆగుదాంలే అందో అప్పుడు పట్టించుకోలేదు. ఎండ వచ్చింది, మంచు కరిగింది, స్వెట్టర్ తీసి నడుముకు కట్టుకున్నాను. సోమందేపల్లి దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాం. బెంగళూరు లారీలు పక్కనుంచి పోతుంటే ఆ గాలికి సైకిలు ఊగేది. ఎర్రమంచి చేలల్లో వేరుశనగ కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి మమ్మల్ని చూశారు. ఎవరో, "యాడికి పోతాండారు మే?" అని కేక వేశారు. వదిన చెయ్యి ఎత్తి ముందుకు చూపించింది. పెనుకొండ కొండ ఎదురుగా లేచింది, పైన కోటగోడ గీత గీసినట్టు. పల్లం వచ్చింది. వదిన తొక్కడం ఆపి, రెండు కాళ్లూ పెడళ్ల మీద నిలబెట్టి, కొంగు ఎగురుతుండగా దిగిపోయింది. నేను కూడా తొక్కడం ఆపాను. ఆ దిగుడు అంతా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆమె నవ్విందో లేదో వెనక నుంచి కనబడలేదు.

పెనుకొండలో నేరుగా బస్టాండుకు పోయింది. గుడికి తర్వాత పోదాం, ముందు తిందాం అంది. ఇడ్లీలు తిన్నాం. తినడం అయ్యాక ఆమె సంచి విప్పి టెంకాయ తీసి నా ఒడిలో పెట్టింది. సంచిలో రెండు చీరలు కనిపించాయి. మా అమ్మను చూసి వస్తాను పాపా అంది. ఎప్పుడు వస్తావు అని అడగాలి కదా. నేను, అన్నకు ఏమని చెప్పను అని అడిగాను. ధర్మవరం పోయిందని చెప్పు అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, అప్పుడు అది నిజమైపోతుంది అనిపించింది.

నాకు కండక్టర్లతో మాట్లాడటం చేతకాదని ఆమెకు తెలుసు. హిందూపురం బస్సు పైకి రెండు సైకిళ్లూ తానే దగ్గరుండి ఎక్కించి, తాడు కట్టించి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

వదిన తిరిగి రాలేదు. అన్న రెండుసార్లు పోయాడు. రెండోసారి వచ్చాక, నేస్తోంది, బాగానే ఉంది అని మాత్రం చెప్పి, నా గదిలో కూర్చుని పుస్తకం ఒకటి తిరగేశాడు. ఇంకోసారి పోలేదు. నాయన ఆ వీధికి నూలు వేయడం మానేశాడు. నేను తెచ్చిన టెంకాయను అవ్వ చేతిలోకి తీసుకుని, పగలలేదే అంది. మొక్కు ముగియకముందే పిల్ల పోయింది, అందుకే ఇట్లయ్యిందని వీధంతా అనుకున్నారు. నేను కాదనలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక పరీక్ష రాయడానికి ధర్మవరం పోయాను. పరీక్ష అయ్యాక వాళ్ల వీధి మొదట్లో నిలబడ్డాను. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది. వాటిలో ఒకటి ఆమెది అయ్యుండాలి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా మారని ఆ వరసను గుర్తుపడతాననుకున్నాను. అన్నీ ఒకేలా వినిపించాయి. ఎవరో ఎవరి కోసమమ్మా అని అడిగేసరికి రైలుకు టైమైందని వచ్చేశాను.

కార్తీకంలో నేను ఇప్పటికీ తొక్కుతాను, అన్న సైకిలు మీద. మోరీ గోడ మీద ఎవరో చిన్న అరుగు కట్టించారు. సోమవారాలు అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు ఉంటారు. నేను పోతే పక్కకు జరిగి చోటిస్తారు. వదిన తిరిగి రావాలని మొక్కు నేను పూర్తి చేస్తున్నానని మా వీధిలో అనుకుంటారు. అవ్వ పోకముందు మంచంలో నుంచే, ఇంకెన్ని వారాలుండాయి పాపా అని అడిగేది. మొదట్లో నాకు నవ్వు వచ్చేది. నేను ఊరికే పోతున్నానని నాకు తెలుసు కదా. ఇప్పుడు చేతులు కాచుకుంటూ కళ్లు మూసుకుంటాను, పొగకు. ఆ కొద్దిసేపట్లో ఏమనుకుంటున్నానో కళ్లు తెరిచాక గుర్తుండదు.

వదిన తొక్కిన నా సైకిలు ఇంటి వెనక రేకుల కిందే ఉంది. ఒకసారి ఎదురింటి అక్క కూతురు బడికి పోవడానికి అడిగితే, అన్న స్పానరు తెచ్చి సీటు దించబోయాడు. ముట్టుకోవద్దు అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. అన్న నా మొహం చూసి, స్పానరు పెట్టెలో పెట్టేశాడు. ఎందుకని అడగలేదు. అడిగితే, తిరిగి వస్తుందని అట్లా పెట్టానో, ఆ ఎత్తున తొక్కడం నేను నేర్చుకోవాలని పెట్టానో చెప్పలేకపోయేదాన్ని. రెండుసార్లు ఎక్కి చూశాను. ఇప్పటికీ కాలివేళ్ల కొసలే ఆనుతాయి.

ఆ రోజు పెనుకొండలో బస్సు కదిలేముందు వదిన కిటికీ కింద నిలబడి ఉంది. ఇంజను చప్పుడు. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె ఒకసారి బస్సు పైన సైకిళ్ల వైపు చూసి, కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది.

"నీ సైకిలు సీటు దించొద్దు పాపా. అట్లే ఉండనీ."